బార్సిలోనాలో షిప్ ఆగేది ఒక్క పగలు: మోంట్సెరాట్‌కి షిప్ వాళ్ల టూరా, సొంతంగా రైలా?

కాకినాడ_కోడలు:
జూన్‌లో అమ్మానాన్నలతో క్రూజ్. రోమ్ దగ్గర చివిటావెక్కియాలో ఎక్కుతాం. బార్సిలోనాలో ఉదయం 8కి ఆగి సాయంత్రం 6కి కదులుతుంది. మోంట్సెరాట్ కొండ మీది మఠం చూడాలని నాన్న పట్టుదల. షిప్ వాళ్ల టూర్ అయిదుగురికి తడిసి మోపెడవుతోంది. మా ఆయన రైల్లో పోదామంటున్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఏం చేయమంటారు?

సంచీ_బాబాయ్:
రైలే. ప్లాసా ఎస్పాన్యాలో ఆర్5 ఎక్కితే గంటలో కొండ కింద ఉంటారు. ఏరి స్టేషన్‌లో దిగితే 1930 నాటి రోప్‌వే, అయిదు నిమిషాల్లో పైన. దాని తర్వాతి స్టేషన్ మోనిస్ట్రోల్‌లో దిగితే పళ్లచక్రాల రైలు. అమ్మగారికి అదే హాయి. ఏది కావాలో టికెట్ కొనేటప్పుడే చెప్పాలి.
మేం ఒకసారి షిప్ టూర్‌లోనే వెళ్లాం. పైన దొరికింది గంటన్నర, అందులో అరగంట గైడు షాపు ముందే నిలబెట్టాడు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు:
బాబాయ్ గారూ, లెక్క వేద్దాం. 8కి ఆగినా దిగేసరికి 9. రేవు నుంచి షటిల్ బస్సులో కొలంబస్ విగ్రహం దాకా, అక్కణ్ణుంచి మెట్రో. రైలెక్కేసరికి 10 దాటుతుంది, పైకి చేరేసరికి 11:30. తిరిగి 5:30 కల్లా షిప్‌లో ఉండాలి. షిప్ వాళ్ల బస్సు లేటైతే షిప్ ఆగుతుంది. మీ రైలు లేటైతే రేవులో నిలబడి టాటా చెప్పడమే. తర్వాతి ఊరికి సొంత ఖర్చుతో పరిగెత్తాలి, పెద్దవాళ్లను వెంటేసుకుని.

సంచీ_బాబాయ్:
మీ లెక్కే తీసుకోండి మాస్టారూ. 11:30కి చేరి 2:30కి దిగడం మొదలుపెట్టినా అయిదులోపు షిప్ దగ్గరుంటారు. పైన మూడు గంటలు! షిప్ టూర్ ఇస్తుందా?

మల్లెల_మేరీ:
ఇద్దరూ గడియారమే చూస్తున్నారు. నాన్నగారు వెళ్లేది చూడటానికా, దర్శనానికా? అక్కడి మేరీమాత 12వ శతాబ్దపు చెక్క విగ్రహం. ముఖం నల్లగా ఉంటుంది, క్యాటలన్‌లు ముద్దుగా 'లా మొరెనెటా' అంటారు, మన నల్లమ్మ అనుకోండి. అద్దం వెనక ఉన్నా కుడిచేతిలోని గోళం మాత్రం బయటికి ఉంటుంది. దాన్ని తాకడానికే జనం వస్తారు. దానికి టైమ్ స్లాట్ టికెట్ ముందే తీసుకోవాలి, కొన్ని మెట్లూ ఎక్కాలి. టూర్‌లో అది ఉందో లేదో అడగండి. లేకపోతే తిరుమల వెళ్లి మహాద్వారం చూసి వచ్చినట్టే.
ఇంకోటి. మఠం 1025లో మొదలైనా, 1811లో నెపోలియన్ సైన్యం ధ్వంసం చేసింది. ఇప్పుడు కనిపించేది చాలావరకు తర్వాత కట్టినదే. పాత రాళ్ల కోసమైతే అంత దూరం పోనక్కర్లేదు. నా ఓటు ఆ గోళానికీ, ఎస్కొలానియా అనే ఆ మఠం పిల్లల గాయక బృందం పాటకీ. చాలా రోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో పాడతారు.

కాకినాడ_కోడలు:
టూర్ వివరాలు చూశాను, గోళం దగ్గరికి తీసుకెళ్లరట. నాన్న పాట వింటే చాలన్నారు. ఇప్పుడు అమ్మ పట్టుబట్టింది, నల్లమ్మను ముట్టుకోకుండా రానంటోంది. 12కి స్లాట్ దొరికితే రైల్లోనే పోతాం.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు:
నా మాట ఎలాగూ వినరు. కనీసం 12:30 స్లాట్ తీసుకోండమ్మా, 12 అయితే రైల్లో కూర్చున్నంతసేపూ టెన్షనే.