అమెరికా అధ్యక్ష ప్రమాణ స్వీకారానికి పెద్దవాళ్లతో వెళ్లడం ఎలా?
2029 జనవరి 20, శనివారం. వాషింగ్టన్‌లో ప్రమాణ స్వీకారానికి డెబ్బై దాటిన అమ్మానాన్నలను తీసుకెళ్లాలని ఉంది. టికెట్లు ఉచితమే, మా నియోజకవర్గ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుడి ఆఫీసులో, సెనేటర్ల ఆఫీసుల్లో అడుగుతాం. దొరికినా చాలావరకు నిలబడే చోట్లే. పైగా టికెట్ రంగును బట్టి గేటు మారుతుంది. 2009లో ఊదారంగు టికెట్లున్న వేలమంది థర్డ్ స్ట్రీట్ సొరంగంలో ఇరుక్కుపోయి వేడుకే చూడలేకపోయారు. నా భయమంతా అదే.

గొడుగు, ఫ్లాస్కు, పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు కదా, ఆ చలిలో పెద్దవాళ్లకు ఏం వేయాలి? టికెట్ అక్కర్లేని నేషనల్ మాల్ మైదానంలో, వేడుక చూపించే పెద్ద తెరల దగ్గరే నయమా? దగ్గరి మెట్రో స్టేషన్లు మూసేస్తే ఎక్కడ దిగితే నడక తక్కువ? 2025లోలా చలివల్ల వేడుకను క్యాపిటల్ (కాంగ్రెస్ భవనం) లోపలికి మారిస్తే ఏం చేయాలి? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.