ఇంటి దీపాలంకరణ కంట్రోలర్లన్నింటినీ ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కు కలపవచ్చా?

తోరణం, ఫ్రిస్కో, టెక్సాస్

అందరికీ నమస్కారం. దీపావళికి పెట్టిన దీపాలను క్రిస్మస్ దాకా తీయని ఇళ్లలో మాదీ ఒకటి. ఈ ఏడాది వాటిని పాటకు అనుగుణంగా వెలిగించాలనే ఉద్దేశంతో గరాజ్‌లో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, దీపాల ప్రదర్శనను నడిపే ఫాల్కన్ ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్‌ను సిద్ధం చేసుకున్నాను. ఏ దీపం ఎప్పుడు వెలగాలో చెప్పే సీక్వెన్సులు ఎక్స్‌లైట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారవుతున్నాయి. నా దగ్గర 16 ఛానళ్ల పాత లైట్-ఓ-రామా కంపెనీ కంట్రోలర్లు రెండు, పిక్సెళ్లను (దేనికదే రంగు మార్చుకునే చిన్న దీపాలను) నడపడానికి ఈ1.31 (దీపాల డేటాను నెట్‌వర్క్‌లో పంపే పద్ధతి) అందుకునే పిక్సెల్ కంట్రోలర్ ఒకటి ఉన్నాయి. పిక్సెల్ కంట్రోలర్ నుంచి సుమారు 80 అడుగుల దూరంలో, పచ్చిక చివరనున్న చెట్టు దగ్గర, దాని సంకేతాన్ని దూరంలో అందుకుని పిక్సెళ్లకు ఇచ్చే ఒక డిఫరెన్షియల్ రిసీవర్‌ను అమర్చవలసి ఉంది. అన్నింటికీ ఆర్‌జే45 జాకులే ఉన్నాయి కాబట్టి, క్యాట్6 కేబుళ్లతో అన్నింటినీ గరాజ్‌లోని ఒకే స్విచ్‌కు కలిపితే సరిపోతుందా? చెట్టు దగ్గర కరెంటు లేదు. కేబుల్‌లో మిగిలిన తీగల ద్వారానే పిక్సెళ్లకు విద్యుత్తు పంపవచ్చా?

స్విచ్‌పెట్టె

తోరణం గారూ, మిగతా విషయాల కంటే ముందు ఒక విన్నపం: లైట్-ఓ-రామా కంట్రోలర్ నుంచి వచ్చే కేబుల్‌ను స్విచ్‌కు గానీ, కంప్యూటర్ నెట్‌వర్క్ పోర్టుకు గానీ తగిలించకండి. ఆ జాకులో నడిచేది కంప్యూటర్ నెట్‌వర్కులు వాడే ఈథర్‌నెట్ కాదు, ఆర్‌ఎస్-485 అనే వేరే రకం సంకేతం. పైగా అందులోని కొన్ని పిన్నులలో డీసీ విద్యుత్తు ఉంటుంది కాబట్టి అది మీ పోర్టును కాల్చివేసే ప్రమాదం ఉంది.

మీ ఇంట్లో ఒకే రకం కేబుల్‌లో మూడు రకాల సంకేతాలు ప్రయాణించబోతున్నాయి. ఏ తీగ ఎలా లాగాలన్నది జాకును బట్టి కాక సంకేతాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. పిక్సెల్ కంట్రోలర్‌కు వెళ్లేది నిజమైన ఈథర్‌నెట్, కాబట్టి దాన్ని నిశ్చింతగా స్విచ్‌కు కలపవచ్చు. ఒక్కో కేబుల్ 100 మీటర్లు దాటకపోతే చాలు. లైట్-ఓ-రామా కంట్రోలర్లకు మాత్రం రాస్‌బెర్రీ పైకి యూఎస్‌బీ నుంచి ఆర్‌ఎస్-485కు మార్చే అడాప్టర్ పెట్టి, అక్కడి నుంచి మొదటి పెట్టెకు, మొదటి దాని నుంచి రెండో దానికి, ఇలా గొలుసుగా వెళ్లాలి. మధ్యలో కొమ్మలు చీల్చకూడదు. రిసీవర్‌కు వెళ్లే కేబుల్ పిక్సెల్ కంట్రోలర్‌లోని డిఫరెన్షియల్ పోర్టు నుంచి నేరుగా వెళ్లాలి, దాని మధ్యలో స్విచ్ అన్నదే ఉండకూడదు.

ఇంకొక మాట. ఈ1.31ను మల్టీకాస్ట్‌లో (ఒకేసారి పలు పరికరాలకు) పంపితే సాధారణ స్విచ్ దాన్ని అన్ని పోర్టులకూ వెదజల్లుతుంది, ఇంటి వైఫై కూడా ఆ భారంతో నత్తనడక నడుస్తుంది. కంట్రోలర్‌కు స్థిరమైన ఐపీ చిరునామా ఇచ్చి యూనికాస్ట్‌లో (ఆ ఒక్క కంట్రోలర్‌కే) పంపడం మేలు. ఈ1.31 డేటా యూనివర్స్ అనే కట్టలుగా వెళ్తుంది, ఒక యూనివర్స్‌లో 512 ఛానళ్లుంటాయి. పిక్సెల్‌కు మూడు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) చొప్పున లెక్కిస్తే 170 పిక్సెళ్లు పడతాయి.

నీలిజత

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, ఆర్‌ఎస్-485 గొలుసు గురించి కొంత చేర్చదలచాను, ఎందుకంటే ఇళ్లలో కారణం తెలియకుండా దీపాలు మినుకుమినుకుమనడం ఎక్కువగా అక్కడే కనిపిస్తుంది. లైట్-ఓ-రామా తన డేటాను 4, 5 పిన్నులలో, అంటే కేబుల్‌లోని నీలం తీగల జతలో పంపుతుంది. ఆర్‌జే45 మీద డీఎంఎక్స్ (రంగస్థల దీపాలను నడిపే పద్ధతి) ప్రమాణం మాత్రం 1, 2 పిన్నులను వాడుతుంది. రేపు మీరు ఆ గొలుసులో ఒక డీఎంఎక్స్ ఫ్లడ్ లైటును చేర్చాలనుకుంటే, రెండు చివర్లా కేబుల్‌ను ఎంత చక్కగా క్రింప్ చేసినా (జాకు బిగించినా) అది పలకదు. జతను మార్చే చిన్న అడాప్టర్ కావాలి.

క్రింపింగ్‌లో రెండు చివర్లా ఒకే ప్రామాణిక రంగుల క్రమాన్ని పాటించండి. ఒక చివర ఎలా ఉంటే రెండో చివరా అలాగే ఉంది కదా అని రంగులను ఇష్టం వచ్చినట్లు పేరిస్తే, మామూలు టెస్టర్ బాగుందనే చెబుతుంది గానీ, డేటా తీగలు రెండూ వేర్వేరు మెలికల జతల్లోకి పోయి, బయటి రొదను తట్టుకునే గుణం పోతుంది. గొలుసు పొడవైతే చివరి పెట్టె దగ్గర డేటా తీగలు రెండింటి మధ్య 120 ఓముల రెసిస్టర్ పెట్టాలి. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవకగా దొరికినా కొనకండి.

తోరణం

ఇద్దరికీ ధన్యవాదాలు. స్విచ్ విషయం స్పష్టమైంది. చెట్టు మీద 5 వోల్టుల పిక్సెళ్లు 50 మాత్రమే ఉంటాయి. ఇంత తక్కువకు కూడా కేబుల్‌లోని తీగలు చాలవా?

వోల్టులెక్క

చాలవు, లెక్క చూడండి. పూర్తి తెలుపులో ఒక్కో పిక్సెల్ సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి 50 పిక్సెళ్లకు 3 ఆంపియర్లు కావాలి. 24 గేజ్ రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.084 ఓములు, 80 అడుగులంటే దాదాపు 24 మీటర్లు, పోయిరావడానికి 48 మీటర్లు, అంటే ఒక జతకు 4 ఓములు. దాని గుండా 3 ఆంపియర్లు పంపాలంటే దారిలోనే 12 వోల్టులు పోవాలి, మీ దగ్గర ఉన్నవే 5. డేటాకు ఒక జత వదిలి మిగిలిన మూడు జతలను కలిపినా 4 వోల్టులు పోతాయి. అసలు ఇలాంటి రిసీవర్లు చాలావరకు నాలుగు పిక్సెల్ పోర్టులకు నాలుగు జతలనూ వాడుకుంటాయి, కాబట్టి మిగిలిన తీగలన్న మాటే ఉండదు.

చెట్టు దగ్గరే వాననీరు చొరబడని పెట్టెలో పవర్ సప్లైని పెట్టి, జీఎఫ్‌సీఐ (విద్యుత్తు లీకైతే వెంటనే ఆపేసే) రక్షణ ఉన్న ప్లగ్గు నుంచి ఆరుబయట వాడదగిన ఎక్స్‌టెన్షన్ తీగతో దానికి 120 వోల్టులు అందించండి. డేటా కేబుల్‌ను పచ్చిక కింద పైపులో వేస్తే, అదే పైపులో కరెంటు తీగను కలిపి లాగకండి. అమెరికా విద్యుత్ నియమావళి దాన్ని సాధారణంగా ఒప్పుకోదు. డేటా కేబుల్ తొడుగు ఎండకు తట్టుకునే రకమై ఉండాలి. పెట్టెలోకి పోయే ముందు ప్రతి తీగా కిందికి ఒక వంపు తిరగాలి, లేకపోతే వాననీరు తీగ వెంటే లోపలికి జారుతుంది.

రిసీవర్‌ను చెట్టుకు కట్టకముందే గరాజ్ నేల మీద, అదే 80 అడుగుల కేబుల్‌తో ఒక రాత్రంతా నడిపి చూడండి.