పెళ్లిళ్లలో వాయించే అవకాశాలు ఎవరి ద్వారా వస్తాయి?

ప్రశ్న:
నేను పన్నెండేళ్లుగా వయొలిన్ వాయిస్తున్నాను. పెళ్లి వేడుకల్లో వాయించడాన్ని ఉపాధిగా చేసుకోవాలని ఆరు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. ప్రకటనలు ఇచ్చాను, వెబ్‌సైటు కూడా తయారు చేయించుకున్నాను. ఇంతవరకు రెండే పిలుపులు వచ్చాయి. ఒకరు ఉచితంగా వాయిస్తే పేరొస్తుందన్నారు. రెండోవారి కోసం నేను మూడు వారాలు కూర్చుని కొత్త పాటలు సిద్ధం చేసుకున్నాక, నాలుగు రోజుల ముందు వద్దన్నారు. డబ్బిచ్చి పిలిచేవారిని చేరుకోవడానికి నేను ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

మొదటి సమాధానం:
ప్రకటనల మీద పెట్టిన శ్రద్ధను కొంతకాలం తోటి వాద్యకారుల మీద పెట్టండి. పెళ్లిళ్లు ఏడాదంతా సమానంగా జరగవు, కొన్ని నెలల్లోనే, అందులోనూ కొన్ని రోజుల్లోనే వచ్చి పడతాయి. అందువల్ల పేరున్న బృందానికి ఒకే తేదీకి నాలుగు పిలుపులు వచ్చినా ఒక్కటే ఒప్పుకోగలదు, మిగిలిన ముగ్గురికీ తనకు తెలిసిన మరొకరి పేరు చెబుతుంది. ఆ పేరు మీదయ్యేలా చూసుకోవాలి. నేను చెల్లో (వయొలిన్ కుటుంబానికే చెందిన పెద్ద వాద్యం) వాయిస్తాను, ఇప్పుడున్న బృందంలోకి అలాగే వచ్చాను: వారి వాద్యకారుడికి జ్వరం వస్తే ముందురోజు రాత్రి నాకు ఫోన్ చేశారు, మర్నాడు అంతకు మునుపెన్నడూ చూడని స్వరలిపి కాగితాలు ముందు పెట్టారు. చూస్తూ తడబడకుండా వాయించినందుకే రెండోసారి పిలిచారు. కాబట్టి మీ ప్రాంతంలోని బృందాలను స్వయంగా కలిసి, వాయించి వినిపించి, ఎవరికైనా వీలుకానప్పుడు వస్తానని చెప్పండి. ఒక్క మర్యాద మాత్రం తప్పకూడదు. ఇంకొకరి బదులుగా వెళ్లిన వేడుకలో అతిథులు మీ నంబరు అడిగితే, మిమ్మల్ని పంపిన బృందం నంబరే ఇవ్వాలి. ఈ విషయంలో నమ్మకం పోగొట్టుకున్నవారిని మళ్లీ పిలవడం నేను చూడలేదు.

రెండో సమాధానం:
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే మీకు జరిగిన నష్టం గురించి కూడా చెప్పాలి. తేదీ ఖాయం చేసేటప్పుడే కొంత సొమ్ము అడ్వాన్సుగా తీసుకోండి, రద్దయితే అది తిరిగి ఇవ్వబడదని ఒప్పందపత్రంలో రాయండి. ఆ తేదీకి మీరు వేరే పిలుపులు వదులుకుంటారు కనుక ఇది న్యాయమే. ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి, మధ్యలో విరామం ఎంత, వేడుక ఆలస్యమైతే అదనపు గంటకు ఎంత, మైకు, స్పీకర్లు ఎవరివి అన్నవి కూడా అందులో ఉండాలి. వాయించేది గంటే అయినా ప్రయాణం, సర్దుకోవడం, ధ్వని సరిచూసుకోవడం, ఎదురుచూడటం కలిసి దాదాపు రోజంతా పోతుంది కాబట్టి, గంటను కాక రోజును లెక్కలోకి తీసుకుని వెల చెప్పండి. ఉచితంగా మాత్రం వాయించకండి. అక్కడ విన్నవారు మిమ్మల్ని ఉచితంగా వచ్చేవారిగానే గుర్తుపెట్టుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. బృందాలకు వినిపించడానికి, పెళ్లివారికి పంపడానికి ఏమి రికార్డు చేయమంటారు?

మొదటి సమాధానమిచ్చినవారు:
రెండు మూడు నిమిషాల వీడియో చాలు, కానీ మొదటి క్షణం నుంచే వాయిద్యం వినిపించాలి. వధువు నడిచి వచ్చేటప్పటి సంగీతం అందులో తప్పక ఉండాలి. ఆ నడకకు ఎంతసేపు పడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు కనుక, ఎక్కడైనా అందంగా ముగించగలగడమే ఈ పనిలో అసలు నేర్పు. జర్మన్ స్వరకర్త పాకెల్‌బెల్ రచించిన ‘కానన్’ అనే సంగీత రచన పెళ్లిళ్లలో ఇంతగా నిలిచిపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం: అందులో కింది స్థాయిలో ఎనిమిది స్వరాల వరుస ఒక్కటే 28 సార్లు తిరిగి వస్తుంది, కాబట్టి ఏ ఆవృత్తి చివరనైనా ఆపవచ్చు. మీకు వచ్చిన ప్రతి పాటలోనూ అటువంటి ముగింపు చోట్లను పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. వీడియో తీసేవారిని మీ ఎదురుగా నడిచి రమ్మని, వారు ఆగిన చోట మీరూ ముగించండి. ఆ ఒక్క దృశ్యం చూస్తే మా బృందంలో ఎవరైనా మీకు పని తెలుసని గ్రహిస్తారు. ఆరుబయట వాయించేటప్పుడు కాగితాలు గాలికి ఎగరకుండా నాలుగు క్లిప్పులు, వయొలిన్‌కు అదనపు తీగల జత పెట్టెలో ఎప్పుడూ ఉంచుకోండి.