అప్‌డేట్: ఖాట్మండులో కొన్న టిబెటన్ రన్నర్ (సన్నటి పొడవాటి తివాచీ), ఎరుపు దిగుతోందని అడిగాను కదా

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఖాట్మండులోని బౌధాలో కొన్న తొమ్మిదడుగుల రన్నర్‌ని తడిగుడ్డతో తుడిస్తే ఎరుపు అంటుకుంది, కొత్తదాన్నే పాతదని అంటగట్టారేమో అని అప్పట్లో ఒకటే టెన్షన్. చివరికి పనికొచ్చింది "కుచ్చు దగ్గర పడుగు (నేతలో నిలువు పోగులు) చూడండి" అన్న సలహానే. తివాచీలు బాగుచేసే ఆయన ఒక పోగు విప్పి చూపించాడు, ఉన్ని, నూలు కాదు. 1960ల నుంచి టిబెటన్ శరణార్థి కేంద్రాల్లో నేసినవాటికి ఎక్కువగా నూలు పడుగే ఉంటుందట, కాబట్టి ఇది అంతకన్నా పాతదే కావచ్చు. పైగా నేను డిజైన్ అనుకున్న గళ్లు మఠంలో భిక్షువులు వరసగా కూర్చునే చోట్లు, ఒక్కో గడి ఒక్కొక్కరిది, అరుగుదల కూడా సరిగ్గా గడి మధ్యలోనే! రంగు దిగడాన్ని బట్టి వయసు తేలదు, రసాయన రంగులు 20వ శతాబ్దం మొదట్లోనే టిబెట్‌లో వాడుకలో ఉన్నాయి. పోగు కాల్చి చూడటం దండగ, ఉన్ని అని తెలిసింది, అంతే. ఇంట్లో తడపొద్దని ఆ బాగుచేసే ఆయన అన్నాడు, కింద ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) వేసి నడవాలో పరిచేశాను.