ఎదురు ఫ్లాటు రోజువారీ అద్దెకిస్తున్నారు. అపార్ట్‌మెంట్‌లో ఎలాంటి రూల్ పెట్టుకుంటే నిలబడుతుంది?

ప్రశ్న: లాసన్స్ బే కాలనీ, మూడో అంతస్తు

నమస్తే అండీ. మాది విశాఖ లాసన్స్ బే కాలనీలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. 15 ఫ్లాట్లు, ఒకటే లిఫ్టు. 2004 నుంచీ ఇక్కడే ఉంటున్నాం. మా ఎదురు ఫ్లాటువాళ్లు బెంగళూరు వెళ్లిపోయాక రెండేళ్లు తాళం వేసే ఉంది. కిందటి దసరా నుంచి యాప్‌లో పెట్టి రోజుల లెక్కన అద్దెకిస్తున్నారు. యజమాని రారు. తాళంచెవి మెట్ల గ్రిల్‌కి బిగించిన నంబర్ల పెట్టెలో ఉంటుంది. వచ్చేవాళ్లకి నంబరు మెసేజ్ వెళ్తుంది, అంతే.

తెల్లారగట్ల హైదరాబాద్ రైళ్లు దిగి వచ్చేస్తారు. చీకట్లో ఆ పెట్టె కనపడక మా బెల్ కొడతారు. "ఆంటీ, కీ ఎక్కడ?" అంటే లేచి ఫోన్ లైటు పట్టుకుని చూపించిన రోజులు చాలా ఉన్నాయి. వాళ్ల మీద నాకు కోపం లేదు. చంకలో పిల్లలతో, రాత్రంతా నిద్ర లేకుండా వచ్చినవాళ్లు. అరకు, బొర్రా చూడ్డానికి నలుగురూ మన ఊరు వస్తుంటే మనకి సంతోషమే.

నా బాధ ఇసుక గురించి. బీచ్ నుంచి తడి కాళ్లతో తిన్నగా లిఫ్టు ఎక్కేస్తారు. జనవరిలో ఒక సోమవారం లిఫ్టు తలుపు పూర్తిగా మూసుకోలేదు. తలుపు మూసుకోకపోతే లిఫ్టు కదలదు. ఆ రోజు మా మామగారికి డయాలసిస్. ఆయనకి 81 ఏళ్లు, వారానికి మూడుసార్లు వెళ్లాలి. వాచ్‌మన్, మా అబ్బాయి కలిసి ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులు దింపారు. మెట్ల మలుపు వచ్చినప్పుడల్లా ఆయన రెయిలింగ్ గట్టిగా పట్టేసుకుని "నెమ్మదిరా నాన్నా, నెమ్మది" అంటుంటే వెనకాల సంచీ పట్టుకుని దిగుతున్న నాకు కాళ్లు వణికాయి. సాయంత్రం మెకానిక్ వచ్చి తలుపు కింద గాడిని స్క్రూడ్రైవర్‌తో గీకితే పేపరు మీద గుప్పెడు ఇసుక పోగయింది. అందులో చిన్న గవ్వ కూడా ఉంది. బిల్లు అందరం పంచుకుని కట్టాం.

యజమానికి ఫోన్ చేస్తే "నా ఫ్లాటు నా ఇష్టం కదండీ, మెయింటెనెన్స్ టైముకే కడుతున్నాను" అన్నారు. నిజమే, ఒక్క నెల కూడా ఆలస్యం చెయ్యలేదు.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ ఉంది. సగంమంది పూర్తిగా ఆపేయాలంటున్నారు. ఇద్దరేమో తామూ ఇలాగే ఇద్దామని చూస్తున్నారు. నాకు కావలసింది ఒక్కటే. అద్దెకొచ్చినవాళ్లు ఉన్నన్ని రోజులూ, ఏదైనా జరిగితే వచ్చి జవాబు చెప్పే మనిషి దగ్గర్లో ఉండాలి. అలా రూల్ పెట్టుకోవచ్చా? పెట్టుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.

జవాబు: ఎంవీపీ కాలనీ

అమ్మా, నేను అద్దెకిచ్చే దాన్నే. మా వారు పోయాక పెన్షన్ మందులకే సరిపోతోంది. అందుకని పై వాటా రోజువారీ ఇస్తున్నాను. కింద నేనే ఉంటాను, గేటు నేనే తీస్తాను. కుళాయి దగ్గర బకెట్టు, చెంబు పెట్టాను. కాళ్లు కడుక్కోనిదే ఎవరినీ పైకి పంపను. గుర్తింపు కార్డు చూసి రిజిస్టర్‌లో రాసుకుంటాను. ఫ్రాన్స్ నుంచి ఒక జంట వచ్చినప్పుడు, విదేశీ అతిథుల వివరాలు ప్రభుత్వానికి తెలిపే ఫారం-సి కూడా ఆన్‌లైన్‌లో నింపాను. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆ వివరాలు పంపాలి.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు కావాలన్నా యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురం ఉండాలి, ఆరు గదులు మించకూడదు. మీరు అడుగుతున్నది కొత్త రూల్ ఏమీ కాదు. కానీ మీటింగ్‌లో ఎవరైనా అందరినీ ఒకే గాటన కట్టేస్తే, మాలాంటివాళ్ల గురించి ఒక మాట చెప్పండమ్మా.

జవాబు: సీతమ్మధార, పాత సెక్రటరీ

మేడమ్, మేము మూడేళ్ల కిందట ఈ గొడవ పడ్డాం. మొదట చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. "పెళ్లికాని జంటల్ని రానివ్వకూడదు" అని తీర్మానం రాశాం. ఎవరు ఎవరో తేల్చే పని వాచ్‌మన్ నెత్తిన పడింది. ఒకరోజు కేజీహెచ్ ఆసుపత్రిలో తండ్రిని చేర్చి వచ్చిన అన్నాచెల్లెళ్లని గేటు దగ్గర అరగంట నిలబెట్టాడు. ఆ అమ్మాయి ఏడుస్తుంటే సెక్రటరీగా నేనే వెళ్లి క్షమాపణ అడిగాను. ఆ తీర్మానం మర్నాడే తీసేశాం.

మనుషుల మీద కాకుండా పనుల మీద రూల్ రాయండి. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం బైలాస్‌కి, అంటే సంఘం నియమావళికి, యజమానులందరూ కట్టుబడాలి. కాబట్టి వాట్సాప్‌లో అనుకుంటే చాలదు. నోటీసులో అజెండాగా పెట్టి, మినిట్స్ రాసి, సంతకాలు తీసుకుని బైలాస్‌లో చేర్చండి. మేము రాసుకున్నవి ఇవీ: పావుగంటలో రాగలిగే మనిషి పేరు, నంబరు లిఫ్టు పక్కన అతికించాలి. లిఫ్టుకి, మోటారుకి యజమాని విడిగా డిపాజిట్ కట్టాలి. రాత్రి పదింటి తర్వాత టెర్రస్ తాళం. కరెంటు సంగతి కూడా చూడండి. ఈపీడీసీఎల్ లెక్కలో ఇల్లు కేటగిరీ-1, వాణిజ్యం కేటగిరీ-2. తన మీటరు ఎందులో ఉండాలో యజమానే రాతపూర్వకంగా తెచ్చివ్వాలన్నాం.

ఇంకో మాట. వాచ్‌మన్‌కి పని పెరిగితే జీతం పెంచండి. మా దగ్గర ఏడాదిపాటు ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

జవాబు: పలాస

దయచేసి పూర్తిగా ఆపించకండి. మా అమ్మకి అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ ఇచ్చారు. 25 సిట్టింగులు, ఐదు వారాలు. లాడ్జిలో వంట చేసుకోనివ్వరు. అమ్మకి గొంతు పుండై జావ తప్ప ఏదీ దిగేది కాదు. కూర్మన్నపాలెంలో రోజువారీ అద్దెకి గ్యాస్ పొయ్యి ఉన్న ఫ్లాటు దొరకబట్టి గడిచింది. పక్కింటావిడ రోజూ మజ్జిగ పంపేవారు. ఆవిడకి మేమెవరం?

జవాబు: పెదవాల్తేరు, అద్దెకుంటాను

సొంత ఫ్లాట్లున్నవాళ్లు మాట్లాడుకుంటున్నారు, అద్దెవాళ్ల సంగతి కూడా చూడండి. ఏడేళ్లు ఉన్న ఇల్లు మొన్న మేలో ఖాళీ చెయ్యమన్నారు. రోజులకి ఇస్తే ఎక్కువ వస్తుందట. పాప స్కూలు దగ్గర్లో ఇల్లు వెతకడానికి రెండు నెలలు పట్టింది. బార్సిలోనాలో ఇదే కష్టం పెరిగి 2028 నవంబరుకల్లా పర్యాటకుల ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఆపేస్తామని ప్రకటించారు. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి, నెలకన్నా తక్కువ రోజులకి ఇస్తే యజమాని కూడా ఆ ఇంట్లోనే ఉండాలి, ఇద్దరికి మించి అతిథులు ఉండకూడదు. ఒక బిల్డింగ్‌లో ఎన్ని ఫ్లాట్లు ఇలా ఇవ్వచ్చో లెక్క పెట్టండి. లేకపోతే పక్కన కాపురం ఉండేవాళ్లే మిగలరు.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తర్వాత

అందరికీ నమస్కారం. మీటింగ్ అయింది, 11 మంది వచ్చారు. బెంగళూరు ఆయన వీడియో కాల్‌లో కలిశారు. ఆ గవ్వ ఫొటో, మామగారిని కుర్చీలో దింపుతున్న ఫొటో పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాన్నగారిలాగే ఉన్నారండీ" అన్నారు. అప్పూఘర్ దగ్గర వాళ్ల పిన్ని కొడుకు ఉంటాడట. ఇకమీదట తాళంచెవి అతనే స్వయంగా ఇస్తాడు. పెట్టె తీసేశారు. డిపాజిట్ కట్టడానికి, వాచ్‌మన్‌కి నెలకి కొంత ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

పలాస తమ్ముడి మాట చదివి వినిపించాను. ఆసుపత్రి పని మీద వచ్చేవాళ్లని తెల్లారగట్లైనా సరే ఆపకూడదని రాసుకున్నాం. ఎన్ని ఫ్లాట్లు అన్న దగ్గర మాత్రం తెగలేదు. మూడు అని నేనన్నాను, అసలొద్దని నలుగురు పట్టుబట్టారు. వాళ్లలో ఇద్దరు సంతకం కూడా పెట్టలేదు. పెదవాల్తేరు అమ్మాయి రాసింది ప్రింట్ తీసుకుని రేపు ఆ ఇద్దరి ఇళ్లకీ వెళ్తున్నాను.

సెల్లార్‌లో కాళ్లు కడుక్కోవడానికి కుళాయి నిన్న బిగించారు.