స్ప్లిట్ ఏసీ బ్లోయర్‌కి బూజు: ఫోమ్ వాష్ చాలా, విప్పాల్సిందేనా?

ఉప్పుగాలి: విశాఖలో సముద్రం దగ్గర ఫ్లాట్, 1.5 టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్. ఆన్ చేయగానే రెండు నిమిషాలు ముక్కిపోయిన వాసన. లౌవర్ (గాలి బయటికి వచ్చే చోటి పట్టీ) తెరిచి టార్చి వేస్తే బ్లోయర్, అంటే లోపల గాలి విసిరే పొడుగాటి ఫ్యాన్, రెక్కల మీద నల్లటి చుక్కలు. ఒక మెకానిక్ ఫోమ్ వాష్ (నురుగు క్లీనర్ కొట్టి నీళ్లతో కడగడం) చాలంటున్నాడు, ఇంకొకతను బ్లోయర్ విప్పాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గోదారిగట్టు: ఫోమ్ వాష్ చాలు, సరిగ్గా చేస్తే. ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే స్విచ్) ఆపాలి, పీసీబీకి (సర్క్యూట్ బోర్డుకి) ప్లాస్టిక్ కవర్ చుట్టాలి, కింద కారే నీళ్లు పట్టే జాకెట్ కట్టాలి. గాలిని చల్లబరిచే కాయిల్‌కే కాదు, లౌవర్ సందులోంచి బ్లోయర్‌కీ ఫోమ్ కొట్టి 10-15 నిమిషాలు నాననివ్వాలి. తర్వాత బ్లోయర్‌ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ నీళ్ల జెట్ కొట్టాలి. జెట్ జోరుకి అది గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది. కారే నీళ్లు తేటపడేదాకా ఆపకూడదు. చాలామంది కాయిల్ ముందు భాగం కడిగేసి బిల్లు చేతిలో పెడతారు, పేరు మాత్రం ఫోమ్ వాష్.

చల్లగాలి: ఒప్పుకోను గోదారిగట్టు గారూ. బ్లోయర్ రెక్కలు దోసిలిలా వంగి ఉంటాయి. మడ్డి పేరుకునేది ఆ వంపు లోపల. లౌవర్ వైపు నుంచి జెట్ అక్కడికి సగమే చేరుతుంది. మిగిలిన దుమ్ము తడిసి బూజుకి ఇంకా మంచి తిండి అవుతుంది, కొన్ని వారాల్లో వాసన మళ్లీ మొదలు. విప్పి గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల లిక్విడ్ వేసి, టూత్ బ్రష్‌తో ఒక్కో రెక్కా రుద్దితేనే పోతుంది. వేడినీళ్లు వద్దు, ప్లాస్టిక్ వంకర పోతుంది. రెక్కకి చిన్న ఇనప క్లిప్పు కనిపిస్తే పీకొద్దు, అది బ్యాలెన్స్ కోసం పెట్టింది. అది లేకపోతే యూనిట్ దడదడలాడుతుంది.

గోదారిగట్టు: విప్పడం అంత తేలిక కాదండీ. చాలా మోడళ్లలో కాయిల్‌ని ఒక పక్క కొంచెం పైకి లేపితేగానీ బ్లోయర్ బయటికి రాదు. అక్కడ రాగి గొట్టం మెలిపడి చిట్లిందా, గ్యాస్ మొత్తం పోతుంది. పైగా సముద్రపు గాలికి షాఫ్ట్ స్క్రూ తుప్పు పట్టి ఉంటుంది. తుప్పు వదిలే స్ప్రే కొట్టి కాసేపు ఆగాకే తిప్పాలి, లేకపోతే స్క్రూ తల అరిగిపోతుంది.

చల్లగాలి: అందుకే ఏటా విప్పమనడం లేదు. వాష్ అయ్యాక ఇయర్‌బడ్‌తో రెక్క లోపలి వంపు తుడిచి చూడండి. దూదికి నల్లటి జిగురు అంటితే విప్పించాలి, అంటకపోతే వదిలేయొచ్చు.

ఉప్పుగాలి: బ్లీచింగ్ నీళ్లు స్ప్రే చేస్తే?

తేమలెక్క: వద్దు. కాయిల్ అల్యూమినియం రేకుల్ని తినేస్తుంది, రాగినీ వదలదు. యాసిడ్ ఉన్న క్లీనర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో అది ప్రమాదం. యాసిడ్ లేని కాయిల్ క్లీనరే వాడండి. కడిగేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

అయినా మీ ఇద్దరూ కడగడం గురించే కొట్టుకుంటున్నారు. ఏసీ ఆపిన తర్వాత కాయిల్ మీద, దాని కింద నీళ్లు పట్టే ట్రేలో నిలిచే నీళ్లే బూజుకి అసలు కారణం. ఆపే ముందు 20-30 నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడపాలి, ఆటో క్లీన్ (ఆపాక ఏసీ తనే లోపల ఆరబెట్టుకునే సదుపాయం) ఉంటే అది ఆన్‌లో పెట్టాలి. డ్రై మోడ్ పెట్టి కాయిల్ ఆరిందనుకుంటారు కొందరు. అందులోనూ కంప్రెసర్ నడుస్తుంది, కాయిల్ తడుస్తూనే ఉంటుంది.

గోదారిగట్టు: విశాఖ ఉక్కలో ఫ్యాన్ మోడ్ పెడితే ఆ తేమంతా గదిలోకే కదా?

తేమలెక్క: వస్తుంది, కాదనను. అందుకే పడుకునేటప్పుడు కాదు, పొద్దున లేచి గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు పెట్టుకోవాలి. గది చిన్నదై ఏసీ పెద్దదైతే ఇంకో తంటా: త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసే వ్యవధే ఉండదు.

ఉప్పుగాలి గారూ, డబ్బు ఖర్చు పెట్టేముందు ట్రేలో నెమ్మదిగా ఒక లీటరు నీళ్లు పోయండి. అవి డ్రెయిన్ గొట్టంలోంచి వెంటనే, ఆగకుండా బయటికి రావాలి. గొట్టం మధ్యలో ఎక్కడా కిందికి వేలాడకూడదు. దాని కొస బకెట్ నీళ్లలో మునిగి ఉంటే ట్రే నీళ్లు సరిగ్గా దిగవు, ముందు అది బయటికి తీయండి.

ఉప్పుగాలి: కొస బకెట్‌లోనే ఉందండీ, జానెడు లోతు మునిగి.