‘నాకు రాదు, నువ్వే గీయి’ అనే పిల్లకు డ్రాయింగ్ ఎలా నేర్పాలి?

మూడోక్లాసు_అమ్మ:
మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. కాగితం ముందు పెడితే చాలు, "నాకు రాదు, నువ్వే గీయి" అని పెన్సిల్ నా చేతిలో పెట్టేస్తుంది. నాకూ బొమ్మలు రావు. ఇద్దరం కలిసి నేర్చుకోవాలని ఉంది. ఏ పెన్సిల్ కొనాలి? క్లాసులో చేర్పించాలా, ఇంట్లోనే సరిపోతుందా? ఇంకో సంగతి, గీసిన గీతనల్లా చెరిపేస్తుంది. కాగితం చిరిగేదాకా వదలదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పెన్సిల్‌పొట్టు:
ముందు ఆ రబ్బరు దాచేయండి మేడమ్. మిగతావన్నీ తర్వాత. వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు నేర్పుతుంటాను. మొదట్లో రబ్బరు ఇవ్వనే ఇవ్వను. గీత తప్పితే దాని పక్కనే ఇంకోటి గీయమంటాను. పాత గీత కళ్లముందు ఉంటేనే కొత్తది ఎటు జరపాలో తెలుస్తుంది. చెరిపేస్తే మళ్లీ అక్కడే అదే తప్పు గీత పడుతుంది.

రెండుకొండలు:
రబ్బరు కాదండీ, బడి. మావాడు ఊరి కాలువ గట్టు, దాని మీద తాటిచెట్లు, గేదె గీసుకెళ్లాడు. బోర్డు మీద ఉన్నట్టు లేదని మార్కులు కోసేశారు. బోర్డు మీద ఏముంది? రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద నది, పక్కన గుడిసె. మాది దివిసీమ. అక్కడ కొండ ఎక్కడుంది? వాడు చూసింది వాడు గీశాడు. ఆ రోజు నుంచి డ్రాయింగ్ పుస్తకం తెరవడం లేదు.

డ్రాయింగ్_మాస్టారు_రిటైర్డ్:
జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు ఎంతోమందిని తయారుచేశాను. రబ్బరు దాచేయమనడం యూట్యూబ్ చదువు. కూజా గీయాలంటే ముందు నడుమ గీత లేతగా వేసుకోవాలి. దానికి అటూ ఇటూ సమానంగా ఉందో లేదో సరిచూసుకోవాలి. అసలు గీత వేశాక లేత గీతలు తీసేయాలి. రబ్బరు లేకుండా ఇదెలా కుదురుతుంది? పిల్లకు నేర్పాల్సింది లేతగా గీయడం. పెన్సిల్‌ను మొన దగ్గర గట్టిగా పట్టుకుంటే గీత కాగితంలోకి దిగిపోతుంది, ఇక చెరిపినా పోదు. కొంచెం వెనక్కి పట్టుకుని, వేళ్లతో కాకుండా మోచేతి నుంచి కదపాలి.

పెన్సిల్‌పొట్టు:
మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ మీ దగ్గరికి వచ్చినవాళ్లు పరీక్ష రాయాలని వచ్చినవాళ్లు. ఈ పాప పెన్సిల్ పట్టడానికే భయపడుతోంది. ఆ భయానికి రబ్బరు మేత వేస్తుంది. యూట్యూబ్ చదువు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి. నేను పిల్లల పక్కన నేల మీద కూర్చుని నేర్చుకున్నది ఇది.

ఎడమచేతివాటం:
ఆ పాప ఏ చేత్తో గీస్తుందో ఎవరైనా అడిగారా? చిన్నప్పుడు ఎడమ చేత్తో గీస్తున్నానని స్కేలుతో కొట్టి కుడిచేతికి మార్చారు. అప్పటి నుంచి బొమ్మల జోలికి వెళ్లలేదు. ఎడమచేతి పిల్లలైతే కుడివైపు నుంచి గీయడం మొదలుపెట్టమనండి, లేకపోతే చెయ్యి రాసుకుని బొమ్మంతా మసి అవుతుంది. చేతి కింద చిత్తు కాగితం ముక్క పెడితే ఇంకా మంచిది.

కాళహస్తి_కోడలు:
మా అత్తగారింట్లో కలంకారీ పని. రబ్బరు గొడవకు అక్కడ ఏనాడో జవాబుంది. పాలు, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ముందు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ వేస్తారు. అది దులిపితే పోయే గీత. ఎన్నిసార్లు మార్చుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆ తర్వాతే వెదురు కలంతో కసిమి అనే నల్లరంగు పెడతారు, అది ఇక పోదు. మా ఆడపడుచు పిల్లలు బొగ్గుముక్కతోనే మొదలుపెట్టారు. మొన సన్నగా ఉండదు కాబట్టి చిన్న చిన్న వివరాల కోసం అవస్థ పడరు, చెయ్యి పెద్దగా తిరుగుతుంది.

పెన్సిల్‌పొట్టు:
అదే నేనూ చెప్పేది అక్కా!

డ్రాయింగ్_మాస్టారు_రిటైర్డ్:
మీరు చెప్పింది అది కాదు. ఆవిడ చెప్పింది చెరిగిపోయే గీత గురించి. మీరు చెరపొద్దంటున్నారు.

సందుచుక్క:
అమ్మగారూ, మీకు బొమ్మలు రావంటే నమ్మను. సంక్రాంతికి 15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క పెట్టి ముగ్గు వేస్తారు కదా? చుక్కకూ చుక్కకూ దూరం కంటితోనే కొలుస్తారు. పొడవాటి వంపు ఎక్కడా తెగకుండా తిప్పుతారు. పాపను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు చుక్కల ముగ్గుతో మొదలుపెట్టండి.

అట్లాంటా_నాన్న:
ఆర్ట్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చేశాను కాబట్టి చెబుతున్నాను. కళా విద్య మీద పుస్తకం రాసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే పిల్లల బొమ్మలు దశలవారీగా మారతాయని వివరించారు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి బొమ్మ నిజంలా ఉండాలన్న పట్టుదల మొదలవుతుంది. ‘నాకు రాదు’ అనేది అక్కడే పుడుతుంది. పాప ఆ గడప దగ్గర ఉంది. కలరింగ్ పుస్తకాలు మాత్రం వద్దు, ఆయన కూడా వాటికి వ్యతిరేకమే. వేరేవాళ్లు గీసిన గీతల మధ్య రంగు నింపడం అలవాటైతే తన గీత మీద తనకు నమ్మకం పోతుంది.

రెండుకొండలు:
1947లో చెబితే మా బడికి ఇంకా ఎందుకు చేరలేదు?

సందుచుక్క:
కలరింగ్ పుస్తకం వల్ల మా చిన్నదానికి చెయ్యి కుదురుకుంది సార్. అన్నిటికీ వద్దు వద్దంటే తల్లులు ఏం చేయాలి?

డ్రాయింగ్_మాస్టారు_రిటైర్డ్:
ముగ్గు వల్ల చెయ్యి తిరుగుతుంది, నిజమే. కానీ ఎదురుగా ఉన్న వస్తువును చూడటం దానివల్ల రాదు. అమ్మా, ఒక స్టీలు గ్లాసు తెచ్చి బల్ల మీద, పాప కంటికి కాస్త కిందుగా పెట్టండి. మూతి గుండ్రంగా గీస్తుంది, అడుగు మాత్రం అడ్డగీత పెడుతుంది. గ్లాసు బల్ల మీద బల్లపరుపుగా ఆనుతుందని తనకు తెలుసు కాబట్టి అలా గీస్తుంది. తప్పని చెప్పొద్దు. ‘అడుగు అంచు వెంట వేలు పోనివ్వు, నీకు కనపడే అంచు నేరుగా ఉందా, వంగిందా’ అని అడగండి. వంగిందని తనే చెబుతుంది. అసలు అడుగు వంపు మూతి వంపు కంటే ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే అది కంటికి ఇంకా కిందుగా ఉంది. గ్లాసును కంటి ఎత్తుకు లేపితే మూతి గీతలా అయిపోతుంది. అదీ చూపించండి. తనకు తెలిసింది కాకుండా కనిపించింది గీయడం అక్కడ మొదలవుతుంది. మిగతాదంతా సాధన.

మూడోక్లాసు_అమ్మ:
అందరికీ థాంక్స్. పాపది కుడిచేయే. మాస్టారు గారూ, నిన్న గ్లాసు పెట్టాను. "అమ్మా, ఇది కింద నవ్వుతోంది" అంది. గీసింది. ఒక పక్క పొట్ట ఉబ్బింది కానీ అడుగు వంపు మాత్రం వచ్చింది. రబ్బరు అడిగింది, ఇచ్చాను. ఒక్కసారే వాడింది. నేనూ పక్కన గీశాను. నా గ్లాసు వంకరగా ఉందని అది నాకు చెప్పింది. పెన్సిల్ సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

పెన్సిల్‌పొట్టు:
2బి చాలు. హెచ్ రకం పెన్సిల్‌లో మట్టి పాలు ఎక్కువ, ములుకు గట్టిగా ఉండి గీత లేతగా వస్తుంది. బి పెరిగేకొద్దీ గ్రాఫైట్ ఎక్కువ, నలుపు ఎక్కువ. 6బి ఇప్పుడే వద్దు, చేతికి అంటుతుంది. ఒక్కసారే వాడిందంటే సంతోషం, కానీ మొదటి వారం నా మాట విని చూడండి.

ఎడమచేతివాటం:
క్లాసు గురించి కూడా అడిగారు. దానికంటే ముందు, మీది రాజమండ్రి దగ్గరైతే చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్లండి. ఆయన 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయారు. పెద్ద రంగుల చిత్రాల దగ్గరే ఆగిపోకుండా పెన్సిల్ స్కెచ్‌లు చూపించండి.

రెండుకొండలు:
మావాణ్నీ తీసుకెళ్తా. ఆదివారం తెరిచే ఉంటుందా? పిల్లల్ని అక్కడ కూర్చుని గీయనిస్తారా?